కట్టు కట్టే వేషం

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మా ఇంట్లో నలుగురం ఒక బల్ల చుట్టూ కూర్చుంటాము. నేను, నా భార్య, ఆమె తమ్ముడు, మిల్లులో నాతో పనిచేసే ఒక ఫిట్టరు. బల్ల మీద ఇరవై ముఖాల పాచికలు, పెన్సిళ్ళు, ఒక పొడుగాటి నోటు పుస్తకం, వేయించిన వేరుశనగలు ఉంటాయి. నేను కథ చెబుతాను. వాళ్ళు ముగ్గురూ ఆ కథలో తిరిగే మనుషులు. వాగు దాటాలా, గుహలోకి పోవాలా, ఎదురొచ్చిన వాడితో మాట్లాడాలా, పోట్లాడాలా అన్నది వాళ్ళ ఇష్టం. అనుకున్న పని జరిగిందో లేదో పాచిక చెబుతుంది. పిల్లల ఆటలాగే ఉంటుంది గానీ, మా నలుగురిలో చిన్నవాడైన నా బావమరిదికే నలభై దాటింది.

ఈ ఆటలో ఆడే ప్రతి ఒక్కరికీ ఒక వేషం ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని క్లాస్ అంటారు. ఆ మాట వింటే మాకు బడి గుర్తుకొస్తుంది, అందుకని వేషం అన్నాము. కత్తి పట్టేవాడు ఒక వేషం, వేటగాడు ఒక వేషం, మంత్రం చదివేవాడు ఇంకొక వేషం. ఏ వేషం ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, దేనికి ఎంత బలం అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. కొన్న పుస్తకాల్లో ఎక్కడ చూసినా మంచు, కోటలు. మంచులో నడిచేవాడికి కాళ్ళకేమవుతుందో మాలో ఎవరికీ తెలియదు. కాబట్టి పడమటి కొండ, దాని మీదినుంచి దిగే వాగులు, వానాకాలం ఆ వైపు నుంచి వచ్చే తుంపర పెట్టుకొని నేనే ఒక ఆట రాయడం మొదలుపెట్టాను. మూడేళ్ళలో ఆరు వేషాలు రాశాను. వాటిలో అన్నిటికన్నా చెడ్డది నా భార్య కోసం రాసింది. అన్నిటికన్నా బాగా కుదిరిందని నేను మురిసిపోయింది కూడా దాన్ని చూసే.

ఆమె ఈ ఆటలోకి తనంతట తానే వచ్చింది. అంతకుముందు ఆదివారాలు నేను పై గదిలో నోటు పుస్తకంతో ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. వారం పొడుగునా మిల్లు, ఆదివారం ఈ పుస్తకం. ఒకరోజు ఆమె మెట్లెక్కి వచ్చి, కాసేపు నిలబడి చూసి, ఇందులో నేనుకూడా ఉండవచ్చునా అని అడిగింది. ఉండవచ్చునన్నాను. ఏ వేషం కావాలని అడగాల్సింది. నేను అడగలేదు. నేను రాస్తున్న జట్టులో గాయాలకు కట్టు కట్టేవాళ్ళు లేరు, నీకది బాగా వస్తుంది అన్నాను. ఆమె సరి అంది.

మా ఊళ్ళో కట్టుగుడ్డకు కొదవలేదు. నా బావమరిదికే ఒక చిన్న మగ్గాల షెడ్డు ఉంది. ఆస్పత్రులకు పోయే పలుచని తెల్ల గుడ్డ అక్కడ నేస్తారు. నా భార్య వారంలో నాలుగు రోజులు అక్కడికే పోయి, కిందినుంచి దీపం వెలిగే వెలుగుబల్ల మీద గుడ్డను పరచి, పోగు జారిన చోట్లు చూసి, పనికిరానిదాన్ని పక్కన పడేస్తుంది. ఆమె వద్దన్న గుడ్డ షెడ్డు దాటదు, యజమాని తమ్ముడైనా సరే. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, ఆమె చేతిలో గుడ్డ ఉండడం మాత్రమే చూశాను. ఆ చెయ్యి వద్దు అనగలదన్న సంగతి నా వేషంలోకి రాలేదు.

నేను రాసిన వేషం ఇది. ఆమె దగ్గర పన్నెండు చుట్టల కట్టుగుడ్డ ఉంటుంది. జట్టులో ఎవరికైనా గాయమైతే పోయి కట్టు కట్టవచ్చు. కడితే వాళ్ళ బలం తిరిగి వస్తుంది. ఆమె ఆయుధం పట్టదు. ఇక చివర ఒక రూలు: తన గాయానికి తాను కట్టు కట్టుకోరాదు. ఆ చివరి రూలు రాసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. అందరినీ బాగుచేసే మనిషి తన్ను తాను బాగుచేసుకోలేకపోవడంలో గొప్ప కథ ఉందనుకున్నాను.

మిగతా ఇద్దరి వేషాల గురించి చెప్పకపోతే దీని తప్పు తెలియదు.

ఫిట్టరు చోళపురం మనిషి. వాళ్ళింట్లో మా ప్రాంతపు తెల్ల వేటకుక్క ఒకటి ఉంది, గులాబి ముక్కుది. అతను తప్ప ఎవరు పెట్టినా తినదు. అతను ఒకసారి పెళ్ళికని రెండు రోజులు ఊరికి పోతే అది రెండు రోజులూ అన్నం ముట్టలేదు. తిరిగి వచ్చినప్పుడు భార్య గిన్నె అతని ముందు పెట్టి, "నీ పెద్ద పెళ్ళాము నిన్నటినుంచి పస్తు. పోయి తినిపించు" అన్నదట. అతనికి నేను కుక్కను పెంచేవాడి వేషం రాశాను. కుక్కకు ఏ పని చెప్పినా ముందు పాచిక వేయాలి. ఎనిమిదికి తక్కువ పడితే కుక్క తనకు తోచింది చేస్తుంది. ఆ ఒక్క రూలుతో ఆ వేషానికి ప్రాణం వచ్చింది. పాచిక బాగా పడినప్పుడు అతనికి సంతోషం. సరిగా పడనప్పుడు మాకందరికీ సంతోషం. రాజు ముందు నిలబడి ఉండగా కుక్క పోయి రాజుగారి చెప్పు నోట కరిచి తెచ్చిన రోజు మేము ఆట ఆపి నవ్వాల్సి వచ్చింది. మంచి వేషానికి బలం ఎంత ముఖ్యమో బలహీనత అంత ముఖ్యమని నేను దానివల్లే తెలుసుకున్నాను. బలహీనత ఆడేవాడి నోరు మూయించకూడదు, మాట్లాడించాలి. ఇది తెలుసుకొని కూడా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి విషయంలో వాడుకోలేదు.

నా బావమరిదిది కత్తి వేషం. అందులో కష్టమేమీ లేదు. ముందుకు దూకాలి, నరకాలి. గాయం తగిలే కొద్దీ అతని దెబ్బకు బలం పెరుగుతుంది. సులువైన వేషాన్ని కొందరు తక్కువగా చూస్తారు గానీ, రోజంతా మగ్గాల చప్పుడులో ఉండి వచ్చినవాడికి ఆదివారం పూట లెక్కలు చేయాలని ఉండదు. తలుపు కనిపిస్తే కాలితో తన్నాలని ఉంటుంది. ఆ కోరికకు ఆ వేషం సరిగ్గా సరిపోయింది. అయితే అతని ధైర్యం ఎక్కడినుంచి వస్తూ ఉందో నేను చూసుకోలేదు. ఎంత గాయమైనా అక్క వచ్చి కట్టు కడుతుందన్న భరోసా మీద అతను దూకుతున్నాడు. అతని వేషం ఆమె వేషాన్ని తిని బలిసింది.

ఒక యేడాది అలాగే ఆడాము. ఆమె వంతు వచ్చినప్పుడు "ఎవరికి దెబ్బ?" అని అడిగేది. ఎవరికీ లేకపోతే "అయితే నేను ఉండాను, అంతే" అనేది. వంతు ముగిసేది. కొన్నాళ్ళకు ఆమె ఒక చేటలో ములగాకు తెచ్చుకొని, రెమ్మలు దూసుకుంటూ కూర్చోవడం మొదలుపెట్టింది. అది చూసి నేను తృప్తిపడ్డాను. ఎందుకు పడ్డానో చెబుతాను. మా వృత్తి తెలియనివాళ్ళకు అది విచిత్రంగా ఉండవచ్చు.

నేను ముప్పై యేళ్ళుగా నూలు మిల్లులో, రింగ్ ఫ్రేముల విభాగంలో ఉన్నాను. ఒక్కొక్క ఫ్రేము వందల పోగులను ఒకేసారి వడుకుతూ ఉంటుంది. ఫ్రేము పక్కన నడుస్తూ తెగిన పోగును అతికే పనివాళ్ళను మేము సైడర్లు అంటాము. పోగులు ఎక్కువ తెగితే సైడరు పరుగెత్తుతూ ఉంటుంది. తెగకపోతే చేతులు వెనక్కి కట్టుకొని మెల్లగా నడుస్తుంది. మేస్త్రీలుగా మేము నేర్చుకున్న మొదటి పాఠం, సైడరు చేతులు ఖాళీగా ఉంటే ఫ్రేము బాగుందని అర్థం. అలాంటి ఫ్రేము ముందు నిలబడి చూసుకోవడం నాకు గుడిలో నిలబడినట్టు ఉంటుంది. మా ఇంటి బల్ల దగ్గర నా భార్య ములగాకు దూస్తూ కూర్చున్నప్పుడు నేను చూసింది మిల్లు కళ్ళతోనే. ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి, కాబట్టి ఆట సాఫీగా నడుస్తూ ఉంది అనుకున్నాను. నోటు పుస్తకంలో ఆమె వేషం పక్కన "బాగా కుదిరింది, మార్చనవసరం లేదు" అని కూడా రాసుకున్నాను. ఆ పేజీ ఇంకా ఉంది.

పోయిన వేసవి ముగింపులో ఒక ఆదివారం, అందరూ లేచాక, ఆమె చేట ఎత్తుకుంటూ చెప్పింది.

"ఈ కథ ముగిసేదాకా వస్తాను. నడుమలో లేచిపోతే వాళ్ళిద్దరికీ కష్టము. ముగిసినాక నేను రాను. మీరు ముగ్గురూ ఆడుకోండి."

గొంతులో కోపం లేదు. గుడ్డ పక్కన పెట్టేటప్పుడు కూడా ఆమె కోపంగా పెట్టదు. మా కథ అప్పటికి చివరికి వచ్చింది. కొండ కింద ఊరికి వాగు నీళ్ళు ఆగిపోయాయి. పైన మడుగు దగ్గర ఒక కాపరి కూర్చుని నీళ్ళు వదలడం లేదు. జట్టు అతన్ని వెతుక్కుంటూ పోతూ ఉంది. ఇంకా ఐదారు ఆదివారాల కథ. ఆ తర్వాత ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. పై గది మెట్లెక్కి వచ్చి ఇందులో నేనుకూడా ఉండవచ్చునా అని అడిగిన మనిషి మళ్ళీ మెట్లు దిగిపోతుంది. ఆమె ఇక ఎప్పటికీ అడగదని నాకు తెలుసు. ఆమె ఏ సంగతైనా ఒకసారే అడుగుతుంది.

నేను చేసిన మొదటి పని మేస్త్రీ పని. ఆ వేషానికి బలం తక్కువైందనుకొని పెంచాను. పన్నెండు చుట్టలను ఇరవై చేశాను. కట్టిన కట్టుకు తిరిగొచ్చే బలాన్ని రెండింతలు చేశాను. మరుసటి ఆదివారం ఆ కాగితం ఆమె ముందు పెట్టినప్పుడు ఆమె చదివి, "ఓ, గుడ్డ ఎక్కువ ఇచ్చినారు" అని మాత్రం అంది. నా బావమరిది సంబరపడి ఆ రోజు ఇంకా రెండు చోట్ల దూకాడు. ఆమెకు నాలుగుసార్లు పని పడింది. అంతకుముందు ఖాళీగా కూర్చునేది, ఇప్పుడు ఊడిగం చేసింది. నేను ఈ రెండింటికీ తేడా ఉందనుకున్నాను.

రెండు వారాల తర్వాత మంసాపురంలో ఆమె చిన్నాన్న మనవరాలికి చెవులు కుట్టే వేడుక వచ్చింది. ఆమె పోయింది. ఆట ఆపుదామంటే ఫిట్టరు ఒప్పుకోలేదు. కుక్క కొండెక్కి ఉంది, వారమంతా అక్కడే కట్టేస్తే ఊరుకోదు అన్నాడు. చివరికి ఆ ఒక్క రోజు నా బావమరిది కథ చెప్పేటట్టు, అతని కత్తివాణ్ణి కూడా అతనే నడిపేటట్టు, నేను నా భార్య కుర్చీలో కూర్చుని ఆమె వేషం ఆడేటట్టు కుదుర్చుకున్నాము.

మొదటి అరగంట నేను కులాసాగా ఉన్నాను. కొండదారిలో తోడేళ్ళు వచ్చాయి. ఫిట్టరు కుక్కను ఉసిగొల్పాడు, పాచిక పడింది, కుక్క దూకింది. నా వంతు వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను ఉన్నాను అన్నాను. వంతు పోయింది. మళ్ళీ వాళ్ళిద్దరూ కేకలేసుకున్నారు. మళ్ళీ నా వంతు. ఎవరికీ దెబ్బ లేదు. గోడ గడియారం చూశాను. పెన్సిలుకు మొన చెక్కాను. అప్పుడు ఒక తోడేలు కత్తివాడి మీదికి ఎగిరింది. నా బావమరిది పాచిక తీసి అరచేతిలో ఊపుతూ ఉన్నాడు. తగలాలి, ఈసారి తగలాలి అని నేను మనసులో అనుకుంటున్నట్టు ఆ క్షణంలో నాకు తెలిసింది. మా జట్టు మనిషికి దెబ్బ తగలాలని కోరుకుంటున్నాను. అతనికి తగిలితేనే నాకు బతుకు. తగలకపోతే నేను ఆ బల్ల దగ్గర లేనట్టే.

పాచిక అతనికి బాగా పడింది. తోడేలు తప్పిపోయింది. అతను చప్పట్లు కొట్టాడు. నాకు కొట్టబుద్ధి కాలేదు.

వేషం మంచిదో కాదో చూడడానికి నేను అంతవరకు దాని బలాలు కూడి చూసేవాణ్ణి. ఆ రోజు తర్వాత ఒకటే చూస్తున్నాను. ఏమీ చెడకుండా ఉన్న రోజున ఆ వేషం వేసినవాడికి చేయడానికి ఏముంది? చేయగలిగినవి కనీసం రెండుంటే, ఇదా అదా అని ఆలోచించుకోవడానికి ఉంటుంది. ఒకటే ఉంటే అది పని. ఇతరులకు చెడు జరిగితేనే వచ్చే పని అయితే అది పని కూడా కాదు, కాపలా. ఆమె ఒక యేడాదిపాటు ఆదివారం తర్వాత ఆదివారం, తమ్ముడికి దెబ్బ తగలకూడదని అక్కగా కోరుకుంటూ, తగిలితే గానీ తనకు వంతు లేని చోట కూర్చుంది. ఎప్పుడైనా తగలాలని అనుకుందా? అనుకొని ఉంటే అది ఆమె తప్పు కాదు. అలా అనుకునేటట్టు రాసినవాడిది.

ఆమె సాయంకాలం బస్సులో తిరిగివచ్చింది. వేడుకలో ఇచ్చిన మిఠాయి పొట్లం విప్పుతూ, పాపాయి చెవులు కుట్టేటప్పుడు ఏడవలేదని, కుట్టినాయనను కొట్టిందని చెప్పింది. నేను ఆమె వేషం ఆడానని చెప్పాను. ఎలా ఉండింది అని అడిగింది. నీ తమ్ముడికి దెబ్బ తగలాలని కోరుకున్నానన్నాను. ఆమె పొట్లం మడత మీద చెయ్యి ఆపి నన్ను చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో చాలాసేపటి అలసట తీరినట్టు అనిపించింది.

వేషం మారుస్తానన్నాను. నేను అనుకున్న తప్పంతా ఆమెకు వివరించాను. ఖాళీ చేతులు, మిల్లు, సైడర్లు, అన్నీ. ఆమె ఓపికగా విన్నది.

"అది సరే. కడపటి రూలు ఉండాది కదా," అంది.

తన గాయానికి తాను కట్టు కట్టుకోరాదు.

"ఆ రూలు మీరు రాసిన వారమే నా చెయ్యి కాలింది. కుక్కరు ఆవిరికి. గుర్తుందా?"

గుర్తు లేదు. అప్పుడు మెల్లగా గుర్తొచ్చింది. అన్నం వడ్డిస్తున్న చేతికి తెల్లగా ఏదో ఉంది. ఏమైందని అడిగాను. అడిగింది మరుసటి రోజు.

"మీరు పైన రాస్తా ఉండినారు. నేను కింద తమ్ముడి షెడ్డు గుడ్డ చుట్ట తీసి, ఒక కొస పళ్ళతో పట్టుకొని, ఎడమ చేత్తో చుట్టుకొన్నాను. బాగానే కట్టినాను, ఊడలేదు. వారం గడిచినాక మీరు రూలు చదివి వినిపించినారు. ఈ మనిషి తనకు తాను కట్టుకోలేదు అని. చదివేటప్పుడు మీ గొంతు వణికింది. నాకు చేతనైనది ఒకటి ఉండాది. దాన్నే చేతకాదు అని రాసి, దానికి మీరే ఏడ్చినారు."

మా ఇంట్లో మొదటినుంచి ఒక పద్ధతి ఉంది. ఆమె అందరికీ వడ్డించి, అందరూ లేచాక, గిన్నెల్లో మిగిలింది చూసుకొని కూర్చుంటుంది. మా అమ్మ అలాగే చేసేది. ఎవరూ పెట్టిన రూలు కాదు. నేను ఊహించి రాశాననుకున్నది ఊహ కాదు, మా వంటింటి పద్ధతి. దాన్ని ఎత్తి ఆటలో పెట్టి, అందం అని పేరు పెట్టాను. ఆట రాసేవాడు చేయదగిన తప్పుల్లో ఇది చాలా సులువైనది. మనం చూడకుండా బతుకుతున్నదే మన చేతికి మొదట వస్తుంది.

అప్పటికైనా నాకు బుద్ధి రావాలి. వెంటనే రాలేదు. నీకు సరిపోయేటట్టు నేనే ఇంకొకటి రాసిస్తానన్నాను. ఆమె చెయ్యి చాపి, "పుస్తకం ఇయ్యండి" అంది.

రెండు వారాలు నోటు పుస్తకం ఆమె దగ్గరే ఉంది. షెడ్డుకు పోయేటప్పుడు సంచిలో పెట్టుకొని పోయేది. ఒకరోజు నా బావమరిది ఫోన్ చేసి, "బావా, అక్క వెలుగుబల్ల ముందర కూర్చోని ఏందో రాస్తా ఉండాది, గుడ్డ చూసేదే లేదు, మీరేమన్నా అన్నారా" అని అడిగాడు. అన్నానన్నాను. నన్ను చూడనివ్వలేదు. నాకు చూడాలని ఎంత ఉండేదంటే, ఆమె స్నానానికి పోయినప్పుడు ఒకసారి సంచి దాకా పోయాను. తెరవలేదు. అందులో గొప్పతనమేమీ లేదు, స్నానాలగది గడియ చప్పుడు వినిపించింది.

కథలో చివరి ఆదివారం ఆమె కొత్త వేషం చదివింది. పేరు ముడి వేసే మనిషి. ఆమె దగ్గర ఐదే గుడ్డపేలికలు. వాటిని గాయం తర్వాత కాదు, ముందే కడుతుంది. ఎవరి చేతికి కట్టినా వాళ్ళ పాచికకు ఐదు కలుస్తుంది. అయితే కట్టేటప్పుడు ఆమె ఒక మాట అడుగుతుంది. ఆ మాట ఇస్తేనే ముడి. మాట నిలుపుకున్నంతసేపు ముడి నిలుస్తుంది. తప్పితే ముడి ఊడిపోయి, ఆ ఐదు ఆమెకు వస్తుంది. తనకు తాను కట్టుకోవచ్చు. అప్పుడు తన మాట అందరి ముందు పైకి చెప్పాలి. తాను తప్పితే ఐదు ముడులూ ఊడిపోతాయి.

ఫిట్టరు పెన్సిలు కింద పెట్టేశాడు. "వదినా, ఇది భయంగా ఉండాది," అన్నాడు. మెచ్చుకోలుగా అన్నాడు.

మడుగు దగ్గరికి చేరాము. ఆ రోజు జరగాల్సింది నేను ముందే మనసులో కట్టుకొని ఉన్నాను. కాపరితో పోట్లాటలో కత్తివాడు పడిపోతాడు, ఎలాగో లేస్తాడు, చివరి దెబ్బ అతనిది. నా భార్య తమ్ముడి చేతికి ముడి వేసి, తాను పిలిచేదాకా నీళ్ళలో దిగరాదు అని మాట అడిగింది. అతను ఇచ్చాడు. కుక్కకు కూడా ముడి వేస్తానంది. కుక్క మాట ఎలా ఇస్తుందని పది నిమిషాలు వాదించుకున్నాము. చివరికి కుక్క తరఫున ఫిట్టరు ఇచ్చాడు, అది మొరగదు అని. మూడో ముడి తన చేతికే వేసుకొని పైకి చెప్పింది. "నేను ఎవరినీ కొట్టను."

కాపరి లేచాడు. నా బావమరిది ఒక్క వంతు ఆగాడు. రెండో వంతులో నీళ్ళలోకి దూకాడు. బల్ల దగ్గర అందరం ఒకేసారి ఉస్సురన్నాము. "చేతులు ఊరుకోలేదు అక్కా," అన్నాడు. ఫిట్టరు కుక్కను కూర్చోమని పాచిక వేస్తే రెండు పడింది, ముడి ఐదు కలిపినా ఏడే. కుక్క మొరిగింది. రెండు ముడులు ఊడి, పది ఆమెకు చేరింది. ఆమె వంతు వచ్చింది. కాపరి వాళ్ళిద్దరితో తలపడి ఉండగా తాను గట్టు వెంబడి నడిచిపోయి మడుగు తూము తెరుస్తానంది.

"కాదు," అన్నాను నేను. "కాపరిని ఓడించకుండా తూము తెరవడానికి లేదు."

"ఎక్కడ రాసి ఉండాది?"

ఎక్కడా రాసి లేదు. నేను అలా అనుకున్నాను, అంతే. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గయింది, చెప్పకపోవడానికి ఇంకా సిగ్గయింది. ఫిట్టరు వేరుశనగ పొట్టు ఊదుతూ బల్ల వైపు చూస్తున్నాడు. కథ చెప్పేవాడి చేతిలో వద్దు అనే అధికారం ఉంటుంది. అది లేకపోతే ఆట నడవదు. కానీ ఆ నిమిషంలో నేను దాన్ని ఆట కోసం వాడలేదు, నేను అనుకున్న ముగింపు కోసం వాడాను. పాతికేళ్ళ కాపురంలో ఇలాంటి కాదులు ఎన్ని అన్నానో, ఎక్కడ రాసి ఉందని ఆమె అడగనివి ఎన్నో, నేను ఇప్పుడు కూడి చూడలేను.

"రాసి లేదు," అన్నాను. "వెయ్యి. పదిహేను రావాలి."

ఆమె వేసింది. తొమ్మిది. తన ముడి ఐదు, ఊడిన ముడుల పది కలిపితే ఇరవై నాలుగు. తూము తెరుచుకుంది. నా కాపరి, నా చివరి దెబ్బ, నేను కట్టుకున్నదంతా నీళ్ళలో కొట్టుకుపోయింది. నా బావమరిది కూడా కాస్త దూరం కొట్టుకుపోయాడు. కొండ కింద ఊరికి నీళ్ళు చేరాయని నేను చెప్పాను. అంతటితో కథ ముగిసింది.

ఎవరూ లేవలేదు. ఆమె చెప్పిన గడువు అదే. అడగాలని నాకు ఉంది గానీ, అడిగితే ఆమె సరి అనవచ్చు. ఆ సరి నాకు వద్దు. పాచికలు ఒక్కొక్కటిగా డబ్బాలో వేస్తూ ఉన్నాను.

ఆమె నోటు పుస్తకం ముందుకు లాక్కుంది.

"ఈ వేషం తప్పు," అంది. "ఊరికే పది వచ్చింది. వాడు మాట తప్పితే నాకు లాభం. ఇట్లే పోతే వాడు తప్పాలనే నేను కూర్చోని ఉంటాను. ఆ పొద్దు మీరు చెప్పినారే, దెబ్బ తగలాలని. ఇదిన్నీ అదే."

నేను చెయ్యి ఆపాను. ఆమె చెప్పింది నిజం. నేను మూడు వారాలు తలకిందులై కనిపెట్టిన తప్పు కొత్త గుడ్డ కట్టుకొని మళ్ళీ వచ్చింది. ఆమె దాన్ని గెలిచిన రోజునే, తనకు లాభంగా ఉండగానే, పోగు జారిన చోటు పట్టుకున్నట్టు పట్టుకుంది. నేను రాసిన వేషంలో నాకు లాభమైన తప్పును నేను ఎన్నడూ అలా పట్టుకోలేదు.

మాట తప్పితే ఐదు కాదు, రెండే రావాలి అన్నాడు బావమరిది. మాట తప్పినవాడి గాయం ఆమెకు కూడా తగలాలి అన్నాడు ఫిట్టరు. కుక్కలను మాట అడగకుండా వదిలేయాలి అని కూడా అన్నాడు. నేను నోరు తెరిచాను. నా దగ్గర మంచి ఉపాయమే ఉంది.

"మీరు ఉండండి," అంది ఆమె తల ఎత్తకుండా. ఒక వరుస కొట్టేసి, అంచున ఏదో రాసి, మళ్ళీ దాన్నీ కొట్టేసింది. "వచ్చే ఆదివారానికి మార్చి తెస్తాను. నువ్వు పొద్దున్నే రారా, ఇద్దరమే ఒకసారి ఆడి చూడవలె."

వచ్చే ఆదివారం అన్నది తమ్ముడితో. నేనుకూడా విన్నాను.

ఇది జరిగి కొన్ని నెలలైంది. ఆ వేషం ఇప్పటికి నాలుగోసారి మారింది, ఇంకా కుదరలేదు. మధ్యలో ఒకసారి నా బావమరిది వరుసగా రెండు ఆదివారాలు మాట నిలుపుకున్నాడు. కత్తివాడు అంత బుద్ధిమంతుడైతే ఆటలో ఉప్పు లేదని ఫిట్టరు గోల పెట్టాడు. దాంతో కత్తి వేషం కూడా ఇప్పుడు ఆమె పుస్తకంలోకి పోయింది. నా ఉపాయం ఇంకా నా దగ్గరే ఉంది. అడిగితే చెబుతాను.